తీరాన చెత్త.. అందులో మన వాటా ఎంత?

హంసలదీవిలోనో సూర్యలంకలోనో ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెత్త చూసి, సరదాకొచ్చినవాళ్లు పారేశారనుకుంటాం. అదీ ఉంది. కానీ సముద్రంలో చేరే ప్లాస్టిక్కులో ఎక్కువ భాగం నేల మీదినుంచి నీటి వెంట వెళ్లేదే. బెజవాడ నడిబొడ్డున పారే బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో జనం విసిరేది కొంత. తెగిన వలలు కొంత. మరి మన చేలనుంచి వెళ్లేదో?

మీ గట్టు మీదే ఒకసారి చూడండి. పురుగుమందు సీసాలు, గుళికల ప్యాకెట్లు, విత్తనాల సంచులు, యూరియా బస్తా పీలికలు. గట్టి వాన పడితే అవన్నీ బోదెలోకి, బోదెనుంచి డ్రెయిన్లోకి, అక్కడినుంచి సముద్రంలోకి. కొల్లేరు చుట్టుపక్కలదైతే ఉప్పుటేరు దారిన పోతుంది. బస్తా ఎండకు పొడిపొడి అవుతుందేగానీ మట్టిలో కలవదు. ఆ పొడినే చేపలు మింగుతాయి.

సముద్రం గొడవ మనకెందుకంటారా? ఆ చెత్తలో కొంత సముద్రం దాకా పోదు. తూము దగ్గర గుర్రపుడెక్కలో చిక్కుకుంటుంది. నవంబరు తుపానుకు కోతకొచ్చిన వరి పడిపోతే, నీరు లాగక మొలకలొచ్చేది మన చేలోనే. గడ్డితోపాటు కవర్లు మేసి కడుపుబ్బి చచ్చేది మన గేదే.

మందు సీసా ఖాళీ అవగానే మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రేయరు ట్యాంకులోనే పోయండి. కాలువలో కడగొద్దు. అడుగున చిల్లు పెట్టండి. నూనెకో, నీళ్లకో ఇంట్లో వాడకండి. తగలబెట్టొద్దు, ఆ పొగ విషం. ఒక సంచిలో వేసి పిల్లలకు, పశువులకు అందనిచోట ఉంచండి.

ఆ తర్వాత ఏం చేయాలన్నదే చిక్కు. ఖాళీ డబ్బాలు బయట వదలకుండా, పగలగొట్టి ఊరికి దూరంగా పాతిపెట్టాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతాయి. ఎకరం ఉన్న రైతు ఎక్కడ పాతాలి? ప్యాకింగు ప్లాస్టిక్కును వెనక్కి సేకరించే బాధ్యతను 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు కంపెనీల మీద పెట్టాయి. అలాంటప్పుడు మందు అమ్మిన షాపులోనే ఖాళీ సీసా తీసుకుని, రూపాయో రెండో చేతిలో పెడితే గట్టున ఒక్కటీ మిగలదు. నీటి సంఘంలో, పంచాయతీలో ఈ మాట ఎత్తండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు, ఊరంతా అడిగితే వింటారు.

ఈసారి మందు కొనడానికి వెళ్లేటప్పుడు ఆ ఖాళీ సీసాల సంచి వెంట తీసుకెళ్లండి. తీసుకోమంటే, ఎందుకు తీసుకోరో అడగండి.