టీవీలో పాత చిత్రములు - భానుమతిగారి గొంతు



గత మాసమున ఈ పుటలో వేసవి ఒడియములను గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున మా యింటి టీవీని గూర్చి వ్రాయుచున్నాము. టీవీ మాట యెత్తగనే, ధారావాహికలను దూషింపబోవుచున్నామని మీలో కొందఱు చిఱునవ్వు నవ్వుదురేమో! ఈ తడవ దూషణము కాదు. ఒక మధ్యాహ్నము అది మా యింటిల్లిపాదికిని ఒక పాఠము చెప్పినది. దానిని మీకును చెప్పవలెనని మా కోరిక.

ఆనాడు సెలవుదినము. భోజనములైన పిమ్మట మా వారు పడకకుర్చీలో కూర్చుండి విద్యార్థుల పరీక్షకాగితములు దిద్దుచుండిరి. మా అత్తగారు చేటలో బియ్యము పోసికొని రాళ్ళేఱుచుండిరి. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి రిమోటు చేతబట్టి ఛానలు వెంబడి ఛానలు మార్చుచుండగా నలుపు తెలుపుల బొమ్మ యొకటి కనబడినది. "అబ్బ, పాతది!" అని అది దాటింపబోవుచుండగా అత్తగారు తలయెత్తి, "ఉండవే, అది మల్లీశ్వరి" అనిరి. బామ్మ మాట కాదనలేక పిల్ల రిమోటు ప్రక్కన పెట్టినది.

మల్లీశ్వరి 1951లో బి. ఎన్. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన చిత్రము. మాటలును పాటలును దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారిది. మల్లి, నాగరాజు అను బావామఱదండ్రు రాయలవారి కాలపు పల్లెలో పెరిగి, రాణివాసపు పల్లకి వచ్చి మల్లిని కొనిపోగా ఎడబాటున కుములుట కథ. నాగరాజు రామారావుగారు, మల్లి భానుమతిగారు. కాళిదాసుని యక్షుడు మేఘునితో తన గోడు చెప్పుకొన్నట్లు, ఆ యిరువురును చెఱియొకచోట నుండి ఒకే మేఘమును పలుకరించి పాడు పాట యొకటి యందున్నది. ఆ పాట నడుమ, సరిగా భానుమతిగారు గొంతెత్తిన చోట, ఛానలువారు త్రుంచి సబ్బు ప్రకటన వేసిరి.

పాట మాత్రము ఆగలేదు! మా వెనుకనుండి అదే శ్రుతిలో, అదే నడకలో సాగుచున్నది. తిరిగి చూచితిమి. మా అత్తగారు చేటమీది చూపు మరల్చకయే, వేళ్ళతో రాయి యేఱుచునే, చరణము తుదివఱకు పాడి ముగించిరి. మేము ఈ యింట కాలుపెట్టి పదునాఱు సంవత్సరములు. ఆమె పాడగా వినుట అదియే మొదలు. మంగళహారతియైనను ఆమె చదువుటయే కాని పాడి యెఱుగరు. మా వారు ఎఱ్ఱసిరా కలము క్రింద పెట్టి, "అమ్మా, నీకు పాట వచ్చునా?" అని అడిగిరి. నలువది యేండ్లు దాటిన కుమారుడు కన్నతల్లిని అడిగిన ప్రశ్న యది! ఆమె తేలికగా, "ఆరేళ్ళు నేర్చుకున్నానురా. వర్ణాలు అయిపోయి కీర్తనల్లోకి వచ్చాను. పెళ్ళయి వచ్చాక, ఈ ఇంట్లో ఆడవాళ్ళు పాడే అలవాటు లేదన్నారు. సరే అనుకున్నాను" అని మరల బియ్యములో పడిరి.

ఇంతలో మా అమ్మాయికి వేఱొక వింత తోచినది. "ఈ గొంతు నాకు తెలుసు. మొన్నటి సినిమాలో మంగమ్మగారిది కదూ?" అని అడిగినది. కొన్నివారముల క్రిందట ఇదే ఛానలులో 1984 నాటి మంగమ్మగారి మనవడు చిత్రము చూచియుంటిమి. అందు గడుసుతనముతో, గంభీరముగా తిరుగాడు ఆ పెద్దామెయు, ఈ పల్లెపడుచు మల్లియు ఒక్కరే యని మొగము చూచి పిల్ల పోల్చుకొనలేదు. గొంతు విని పోల్చుకొన్నది!

ఇది విచారింపదగిన విషయము. తొలినాళ్ళ చిత్రములలో నటించువారే పాడుకొనెడివారు. నేపథ్యగానము వచ్చిన పిదప పెదవి ఒకరిది, గొంతు ఒకరిది యైనది. తెర మీది రూపమునకు వయసు వచ్చినను, వెనుక పాడువారు మాఱుచుందురు గాన వినువారికి అది తెలియదు. భానుమతిగారట్లు కాదు. తన పాట తానే పాడుకొనెడివారు. కావున ఆ గొంతు ఆ మనిషితోబాటు పెరిగినది, పండినది, ముదిమిని పొందినది. పాత చిత్రములు నాలుగు చూచిన వారికి ఒక స్త్రీ జీవితమంతయు చెవికి వినిపించును.

ఆ జీవితమును సంవత్సరక్రమమున ఒక్కసారి తలచుకొందము. భానుమతిగారు 1925లో ఒంగోలు ప్రాంతపు దొడ్డవరమున జన్మించిరి. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతప్రియులు. ఆమెకు సంగీతాభ్యాసము ఇంటనే అబ్బినది. 1939లో సి. పుల్లయ్యగారి వరవిక్రయములో కాళింది వేషము వేయునాటికి ఆమెకు పదునాలుగేండ్లు నిండలేదు. కాళ్ళకూరి నారాయణరావుగారి ఆ నాటకము వరకట్న దురాచారమును ఖండించునది. తన పెండ్లికై తండ్రి ఆస్తి నమ్ముకొనుట చూడజాలక ప్రాణము విడిచిన బాలిక కాళింది. మరుసటి యేట మాలతీమాధవము. భవభూతి నాటకమును ఇంట చదువుకొన్న మా బోంట్లకు ఆ పేరు వినుటయే యొక ముచ్చట.

1943లో కృష్ణప్రేమ చిత్రమునకు సహాయదర్శకులుగా నుండిన పి. ఎస్. రామకృష్ణారావుగారిని ఆమె వివాహమాడిరి. పెండ్లితో చిత్రములకు స్వస్తి చెప్పి గృహిణిగా నుండదలచిరి. ఇక్కడ కథ ముగిసియుండిన, మా అత్తగారి కథయు ఆమె కథయు ఒకటే యైయుండెడిది. కాని అడుగవచ్చినవారు పట్టు విడువకపోవుటచే, భర్తయు సమ్మతించుటచే ఆమె మరల వచ్చిరి. 1945 నాటి స్వర్గసీమలో ఆమె పాడిన పావురము పాట తెలుగునాట ఇంటింట మాఱుమ్రోగినది.

ఆ పిదప దంపతులు తమ కుమారుని పేరనే భరణీ సంస్థను నెలకొల్పి రత్నమాల, 1949లో లైలామజ్ను, 1954లో విప్రనారాయణ తీసిరి. 1953లో చండీరాణిని తెలుగు, తమిళము, హిందీ భాషలు మూడింట తానే దర్శకత్వము వహించి, అందు రెండు పాత్రలు ధరించిరి. మఱుసటి యేట చక్రపాణికి సంగీతము కూర్చిరి. 1961 నాటి బాటసారిలో శరత్ బాబుగారి కథానాయికయై, కన్నీరు పైకి రానీయక లోన దాచుకొను వితంతువు వేషమున కనిపించిరి. ఇన్ని పనుల నడుమ కలము పట్టి అత్తగారి కథలు వ్రాసి మనల నందఱను నవ్వించిరి. నాలో నేను అను స్వీయచరిత్రకు జాతీయ పురస్కారము లభించినది. 1985 ప్రాంతమున మద్రాసులోని ప్రభుత్వ సంగీత కళాశాలకు అధ్యక్షత వహించిరి. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణము వచ్చినవి. తుది చిత్రము 1998 నాటి పెళ్ళికానుక. 2005 డిసెంబరు 24న మద్రాసులో తనువు చాలించిరి. వరవిక్రయము మొదలు పెళ్ళికానుక వఱకు ఏబదితొమ్మిదేండ్లు! పదునాలుగేండ్లైనను నిండని పిల్ల మొదలు డెబ్బదిరెండేండ్లు దాటిన పెద్దామె వఱకు ఒకే గొంతు.

ఆమె జీవితమున నష్టములే లేవని మేమనము. 1955లో వెలువడిన మిస్సమ్మలో మొదట నాయిక ఆమెయే. అభిప్రాయభేదము వచ్చి మానుకొనగా ఆ పాత్ర సావిత్రిగారికి దక్కి, ఆమె కీర్తికి సోపానమైనది. అభిమానమునకు వెల యుండును. భానుమతిగారు ఆ వెల చెల్లించిరి. మఱియొక మాటయు చెప్పవలెను. భర్త అదే వృత్తివారగుట, సొంత సంస్థ యుండుట అందఱు స్త్రీలకు దొరకు వసతులు కావు. ఆమెను చూపి మన అత్తలను, తల్లులను "మీరేల సాధింపలేదు?" అనుట అన్యాయము. అడుగవలసిన ప్రశ్న అది కాదు, "మీ పాటను ఎవరాపిరి? మేమిపుడు ఎవరి పాట నాపుచున్నాము?" అనునది.

ఇక టీవీ విషయము. 1977లో హైదరాబాదున దూరదర్శను కేంద్రము వెలసిన తొలినాళ్ళలో, వీధికొక్కటిగా నుండిన టీవీ ముందు వారమున కొకనాడు చిత్రము చూచుటకు ఇరుగుపొరుగులు చాపలు పఱచుకొని కూర్చుండెడివారని పెద్దలు చెప్పుదురు. 1995లో ఈటీవీ, జెమినీ మొదలైనవి వచ్చి చిత్రములు నిత్యము ఇంటికి రాజొచ్చినవి. ఇపుడు చిత్రములకే ప్రత్యేకించిన ఛానళ్ళున్నవి. "సెల్‌ఫోనులో అన్నియు దొరకుచుండగా టీవీ యెందుకు?" అని మా అమ్మాయి వాదము. మా సమాధానమొక్కటే: ఫోనులో వెదకుటకు పేరు తెలియవలెను. మల్లీశ్వరి యను పేరు వినని పిల్ల దానినెన్నడు వెదకును? ఎవరో యెంచి, ఒక వేళకు వేసిన చిత్రము, కోరనివారి కంటను పడును. పైగా ఫోను ఒక్కరి చెవికి, టీవీ ఇంటిల్లిపాదికి. అత్తగారి పాట మేమందఱము వినుటకు కారణమిదియే.

అట్లని ఛానలువారిపై మాకు ఫిర్యాదు లేకపోలేదు. పాట నడుమ త్రుంచుట యొకటి. చిత్రాదిని వచ్చు పేర్లను ఎగురగొట్టుట మఱియొకటి. రచించిన దెవరో, స్వరపఱచిన దెవరో పిల్లలకెట్లు తెలియును? మంచి చిత్రములను అందఱు నిద్రించు వేళకు నెట్టుట ఇంకొకటి. తొలినాటి చిత్రములు శీఘ్రముగా మండు స్వభావముగల ఫిల్ముపై తీసినవి యగుటచేతను, భద్రపఱచువారు లేమిచేతను అనేకములు నశించినవి. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో గాని వెలయలేదు. మిగిలినవాటినైనను నిండుగా, పేర్లతో, పాటలతో చూపుట ఉచితము.

ఇక మా తప్పు ఒప్పుకొనవలెను. మా అమ్మాయి మూడేండ్లుగా సంగీతము నేర్చుకొనుచున్నది. పై సంవత్సరము పదవ తరగతి గాన, మార్కులు తగ్గునను భయముతో ఈ నెలాఖరున సంగీతము మాన్పింపవలెనని మేమును మా వారును తీర్మానించుకొని, గురువుగారికి కబురు చేయుటకు సిద్ధముగా నుంటిమి. "ఒక్క సంవత్సరమే కదా" అనుకొంటిమి. ఆ సాయంకాలము అత్తగారి మాట చెవిలో మెదలినది. ఆమెకు నెవ్వరును జన్మాంతము మానుమని చెప్పియుండరు. అలవాటు లేదనిరి, అంతే. ఆ చిన్నమాట ఒక జీవితకాలము నిలిచిపోయినది. అపుడు మాకు భయము వేసినది.

కబురు మానుకొంటిమి. వారమునకు రెండు పాఠములకు బదులు ఒకటి చాలునని గురువుగారిని వేడితిమి, వారు సమ్మతించిరి. మిగిలిన దినములలో సంజె దీపము పెట్టిన పిమ్మట అరగంట సేపు మనుమరాలు బామ్మ యొద్ద కూర్చుండును. అత్తగారు మొదట "నా గొంతు ఎప్పుడో పోయింది" అని తప్పించుకొనిరి. ఇపుడు, "ఆ గమకం అలా కాదే" అని దిద్దుచున్నారు. శ్వాస చాలక నడుమ ఆగుదురు. ఆగినచోట పిల్ల అందుకొనును.

మీ యింటనైనను ఇట్టిది మఱుగున పడియున్నదేమో చూడుడు. పాత చిత్రము వచ్చు వేళను తెలిసికొని, పనులు ముందుగా ముగించుకొని, పెద్దవారిని పిల్లలను ఒకచోట కూర్చుండబెట్టుడు. క్యాలెండరు వెనుక చిత్రము పేరు, వెలువడిన సంవత్సరము, పాడినవారి పేరు, నాటికి వారి వయసు వ్రాయించుడు. ఛానలువారు 1984 తరువాత 1951 వేసినను, ఆ కాగితముపై క్రమము కుదురును. అన్నిటికంటె ముఖ్యము, ప్రకటనలు వచ్చినపుడు టీవీ సద్దు తగ్గించి చెవియొగ్గుడు. వెనుకనుండి ఎవరైన పాడుచుందురేమో!