మూడు నిమిషాలు, వంద చుట్లు

ఏదైనా పార్ట్ పోతే మనం ఏం చేస్తాం? ఫోన్ తీసి ఆన్‌లైన్‌లో వెతుకుతాం. దొరకకపోతే ఏకంగా కొత్త వస్తువే కొనేస్తాం. తాత రికార్డ్ ప్లేయర్ విషయంలో నాకు ఈ రెండు దారులూ మూసుకుపోయాయి.

తాత ఉండేది బెల్లంపల్లిలో. సింగరేణిలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. పోయిన దసరాకు వెళ్తే సజ్జ మీద సూట్‌కేసు లాంటి పెట్టె కనిపించింది. మూత తీస్తే రికార్డ్ ప్లేయర్. పక్కనే అట్టపెట్టెలో నాయనమ్మ ఒక్కొక్కటిగా కొనుక్కున్న పదకొండు రికార్డులు. ఆమె పోయి నాలుగేళ్లు.

"తిరుగుతదా తాతా?"

"తిరిగితే సజ్జ మీద ఎందుకుంటదిరా?"

కరీంనగర్‌కు మోసుకొచ్చాను. ముందు చీలికలు పడ్డ కరెంటు వైరు పీకేసి కొత్తది వేశాను. అక్కడ మాత్రం ప్రయోగాలు వద్దు. తర్వాత విప్పి చూస్తే మూడు జబ్బులు: రబ్బరు చక్రం రాయిలా గట్టిపడింది, ఆర్మ్ లోపలి వైరు తెగింది, ముల్లు అరిగింది.

ఇందులో బెల్ట్ ఉండదు. మోటార్ ఇరుసుకూ, రికార్డు పెట్టే పళ్లెం లోపలి అంచుకూ మధ్య ఒక చిన్న రబ్బరు చక్రం నొక్కుకుని తిరుగుతుంది. దాని పేరు ఐడ్లర్. రబ్బరు గట్టిపడితే పట్టు పోతుంది, పళ్లెం జారిపోతుంది.

నేను తెలివి చూపించి ఇరుసుకు టేపు చుట్టాను. పళ్లెం తిరిగింది! గీతలు పడి పనికిరాని రికార్డు ఒకటి సంపాదించి పెట్టాను. గొంతు సన్నగా, ఏదో తొందర్లో ఉన్నట్టు వచ్చింది. ఎల్‌పీ రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలి. అంటే 3 నిమిషాల్లో సరిగ్గా 100. పళ్లేనికి కాగితం ముక్క అంటించి, ఫోన్‌లో వీడియో తీసి లెక్కబెడితే 104 వచ్చాయి. ఇరుసు మందం 5 మిల్లీమీటర్లు, టేపుతో 5.2 అయింది. 4 శాతం పెరిగింది, వేగమూ అంతే పెరిగింది. స్వరానికీ పక్క స్వరానికీ మధ్య తేడా దాదాపు 6 శాతమే. అందుకే గొంతు మారిపోయింది.

అప్పుడు అర్థమైంది అసలు కిటుకు. ఇరుసు సైజు ఒక్క వెంట్రుకంత మారినా పాట మారుతుంది. ఐడ్లర్ సైజు మారితే మాత్రం ఏమీ కాదు. ఇరుసు అంచు ఎంత కదిలితే ఐడ్లర్ అంచు అంతే కదులుతుంది, పళ్లెం అంచూ అంతే. నీళ్ల బిందె చేతులు మారినట్టు, మధ్యలోది అందించేదే. అంటే ఒరిజినల్ కొలత దొరక్కపోయినా నడుస్తుంది. గుండ్రంగా ఉంటే చాలు.

టేపు పీకేసి, ఐడ్లర్ పాత రబ్బరు ఒలిచి, సైకిల్ ట్యూబ్ ముక్క అంటించాను. అతుకు దగ్గరకొచ్చినప్పుడల్లా 'టక్'. అతుకు లేనిది కావాలి. బోరు మోటార్లు బాగుచేసే షాపుకు వెళ్లి ఓ రింగ్ అడిగాను.

"ఏ మోటార్‌కు?"

"పాటలు పాడే మోటార్‌కు అన్నా."

ఆయన నవ్వి, డబ్బాలో నుంచి నాలుగు సైజులు తీసిచ్చాడు. మూడోది చక్కగా కూర్చుంది. మళ్లీ లెక్కబెట్టాను. 100!

ఇక తెగిన వైరు. వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. రెండుసార్లు అతికించబోయి ఇంకో రెండుచోట్ల తెంపాను. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి 2007లో జీఐ గుర్తింపు వచ్చిందని అందరికీ తెలుసు. సన్నని వెండి తీగను మెలిపెట్టి పూలూ ఆకులూ చేసేవాళ్లు ఉన్న ఊళ్లో నేనెందుకు కుస్తీ పడుతున్నట్టు? తెలిసినవాళ్ల ద్వారా ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. సోల్డరింగ్ ఐరన్ నాది, చెయ్యి ఆయనది. వేడికి కార్ట్‌రిడ్జ్ చెడిపోకుండా దాన్ని ముందే విడదీశాం. పది నిమిషాల్లో నాలుగు అతుకులూ అయిపోయాయి.

అక్కడే వెండి తూచే కాటా కనిపించింది. ముల్లు రికార్డు మీద ఎంత బరువు మోపుతుందో చూద్దామని దాని మీద ఆనించాం. 9 గ్రాములు! ఇలాంటి పాత రకానికి 5 గ్రాములుంటే చాలు. ఆర్మ్ స్ప్రింగ్ వదులైంది. కార్ల చక్రాలకు బ్యాలెన్సింగ్ కోసం అంటించే బరువు ముక్కను కోసి ఆర్మ్ వెనక అంటించాం. కాటా 5కు దిగింది.

మిగిలింది ముల్లు. దీనికి జుగాడ్ లేదు. మిగతా చాలా పార్టులు తప్పుగా పెడితే పాట పాడవుతుంది, అంతే. మళ్లీ సరిచేసుకోవచ్చు. అరిగిన ముల్లు మాత్రం రికార్డు గాడినే కోసేస్తుంది. అది మళ్లీ రాదు. నాయనమ్మ రికార్డులు పదకొండే. సరిపోయే కొత్త ముల్లు దొరికేదాకా ఐదు వారాలు వాటిని ముట్టుకోలేదు.

ఆ పదకొండులో ఒకటి 78 స్పీడుది, లక్కతో చేసింది. మన అడవుల్లో కనిపించే మోదుగ లాంటి చెట్ల మీద పురుగులు పెట్టే లక్కే. దాని గాడి ఎల్‌పీ గాడి కంటే చాలా వెడల్పు, ముల్లు కూడా వేరే. అది ఇంకా దొరకలేదు, కాబట్టి ఆ రికార్డు కవరులోనే ఉంది.

సంక్రాంతికి పెట్టె బెల్లంపల్లి తీసుకెళ్లాను. పాట మొదలైంది. తాత ఏమీ అనలేదు. పెట్టె అంచు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఒక వైపు మొత్తం విన్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నా.

"బేరింగ్ గరగర అంటుంది. నూనె పోసినవా?"

పోయలేదు. అన్నీ చేసి అదొక్కటి మర్చిపోయాను.

లోపలికి వెళ్లి నాయనమ్మ కుట్టుమిషన్ డ్రాయర్ లోంచి నూనె డబ్బా తెచ్చాడు. ఒక్క చుక్క వేశాడు. "ఇప్పుడు మొదటి నుంచి పెట్టు" అన్నాడు.