బడి మానిన పిల్ల యెక్కడ?

మా యింటికి వచ్చెడి ఉపాధ్యాయులు, పిల్ల బడికి రాకున్న దోషము తలిదండ్రులదే యని తఱచుగా ననుచుందురు. 1906లో బరోడా సంస్థానము నిర్బంధవిద్యను శాసించి, బిడ్డలను పంపనివారికి జరిమానా విధించినది. (ఆడుపిల్లలకు మాత్ర మా నిర్బంధము 10 ఏండ్లకే ముగిసెడిది!) మన దేశమున 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్న విద్యాహక్కు చట్టము వేఱు త్రోవ పట్టినది. 6 మొదలు 14 ఏండ్ల బిడ్డను బడిలో చేర్చుట కన్నవారి విధి యనినదే గాని, వారికి శిక్ష చెప్పలేదు. హాజరు చూచు బాధ్యతను ప్రభుత్వముపై నుంచినది. మాకిది సమ్మతమే. దినకూలితో బ్రతుకు తల్లికి జరిమానా వేసినచో ఆ రాత్రి పొయ్యి రాజదు, పిల్లకు అక్షరమును రాదు.

కాని సోదరీమణులారా, బడి మానిన యా పిల్ల యెక్కడ నున్నది? తమ్ముని చంక నెత్తుకొని తన యింట నుండవచ్చును. మనబోటి వారి యింట పసిబిడ్డ నాడించుచు నుండవచ్చును! "అన్నము పెట్టుచున్నాము గదా" యని మనము తృప్తిపడుదుము. బాలకార్మిక చట్టమునకు 2016లో జరిగిన సవరణ యా తృప్తి నంగీకరింపదు. 14 ఏండ్లు నిండని పిల్లను పనికి పెట్టుకొన్నవారికి 6 నెలలు మొదలు 2 ఏండ్ల చెఱ, లేదా 20,000 మొదలు 50,000 రూపాయల జరిమానా, లేదా రెండును. కన్నవారికి మొదటి తప్పునకు శిక్షయే లేదు.

అట్టి పిల్ల మీ యింట నున్నచో సంవత్సరారంభమునకై వేచియుండ నక్కఱలేదు. ఏ నెలలో తీసికొనిపోయినను బడివారు చేర్చుకొనవలెను. పుట్టినతేదీ పత్రము లేదని త్రిప్పిపంపరాదు. వయస్సునకు దగిన తరగతిలోనే కూర్చుండబెట్టి, వెనుకబడిన పాఠములు వేఱుగా చెప్పవలెను. ఆమెకు బదులు పసిబిడ్డ నెవరెత్తుకొందు రన్నది మాత్రము మన మింటనే తేల్చుకొనవలసిన మాట.