సీ బుక్కులో ఎవరి పేరుంది?

కృష్ణా డెల్టాలో పెళ్ళి సంబంధాలు మాట్లాడేవాళ్ళ దగ్గర మనిషిని తూచే తక్కెడ ఒకటుంది. ‘అబ్బాయికి ఏం కారుంది?’ అని అడుగుతారు. జవాబుని బట్టి అతని సంపాదన, వంశం, చివరికి బుద్ధి కూడా తేలిపోతాయి. చిన్న కారైతే పిసినారి, లేదా ఎదగలేనివాడు. ఇన్నోవా అయితే కుటుంబాన్ని చూసుకునేవాడు. ఫార్చ్యూనర్ అయితే నలుగుర్నీ నడిపించగలవాడు. వెనక అద్దం మీది పేరుతో కులం తెలుస్తుంది. రవాణాశాఖ వేలంలో పాడుకున్న ఫాన్సీ నంబరుతో దర్పం తెలుస్తుంది. ఒకప్పుడు తెల్ల అంబాసిడర్‌ని చూసి లేచి నిలబడేవాళ్ళం. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. దాని మీది ఎర్రబుగ్గని 2017 మే 1 నుంచి తీసేశారు. లేచి నిలబడే అలవాటు మాత్రం మనలోంచి పోలేదు.

ఇదే తక్కెడలో ఆడదాన్ని తూచేటప్పుడు రాళ్ళు మారిపోతాయి. మగవాడి విషయంలో కారు చెప్పేది గుణం. ఆడదాని విషయంలో అది చెప్పేది శీలం! ఆమె ఏ కారు నడుపుతోందని ఎవరూ అడగరు. ఎవరి కారులోంచి దిగిందని అడుగుతారు. సెమినార్ ఆలస్యమై సహోద్యోగి కారులో వచ్చి బెంజి సర్కిల్ దగ్గర దిగిన అధ్యాపకురాలి గురించి మర్నాడు స్టాఫ్ రూములో ఎన్ని కథలు పుడతాయో మనలో చాలామందికి తెలుసు. తనే నడుపుకుంటూ వస్తే పొగరు. కాస్త ఖరీదైన కారైతే ‘ఎవరు కొనిచ్చారో’ అన్న గుసగుస. మగవాడి కారు అతని కష్టానికి సాక్ష్యం, ఆడదాని కారు ఆమె మీద అనుమానానికి సాక్ష్యం. రోడ్డు ఒకటే, వాహనం ఒకటే, తీర్పులు మాత్రం రెండు.

దీనికి మర్యాదస్తులు చెప్పే జవాబు ఒకటుంది: ‘కారుని చూసి మనిషిని అంచనా వెయ్యకూడదండీ, మనసు చూడాలి’ అని. ఈ జవాబు నాకు చాలదు. కారు అబద్ధం చెప్పదు, చాలా నిజాలే చెబుతుంది. కాకపోతే మనం దాని బయటి రంగు చూసి సరిపెట్టుకుంటున్నాం. దాన్ని ఎవరి డబ్బుతో కొన్నారో, సీ బుక్కులో ఎవరి పేరుందో, తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో చూడటం లేదు.

కారు అవసరం కన్నా చూపులకే ఎక్కువన్న సంగతి నానో కథలో బాగా తెలిసింది. 2008 జనవరిలో లక్ష రూపాయల కారంటూ టాటావాళ్ళు దాన్ని ప్రకటించినప్పుడు స్కూటరు మీద నలుగురు తిరిగే కుటుంబాలన్నీ కొనేస్తాయనుకున్నారు. కొనలేదు. అన్నిటికన్నా చవకైన కారన్న పేరే దానికి మచ్చయిందని తర్వాత రతన్ టాటాయే ఒప్పుకున్నారు. వానలో తడవకుండా ఉండటం కన్నా పేదవాళ్ళలా కనబడకుండా ఉండటం మనకి ముఖ్యమైంది. అలా కనబడకుండా ఉండటానికి అయ్యే ఖర్చుని మన దగ్గర ఎవరి నెత్తిన వేశారన్నదే అసలు ప్రశ్న.

కానూరు, పోరంకి వైపు ఏ ఫంక్షన్ హాలు ముందైనా ముహూర్తాల రోజుల్లో నిలబడి చూడండి. ద్వారం పక్కన రిబ్బన్ చుట్టిన కొత్త కారు కనిపిస్తుంది. అట్టతో చేసిన పెద్ద తాళంచెవిని మామగారు అల్లుడికి అందిస్తుంటే ఫొటోలు తీస్తారు. పెళ్ళికూతురు పక్కన నిలబడి నవ్వుతుంటుంది. ఆ కారు ఆమె తండ్రి సొమ్ము. సీ బుక్కులో పేరు అతనిది. మర్నాటి నుంచీ ఆ కారులో తిరిగే అతన్ని చూసి ‘ప్రయోజకుడు’ అంటుంది ఊరు. ఆ కారు నిజంగా చెప్పే సంగతేమిటంటే, అతను అడిగి తీసుకున్నాడని!

చట్టం లేదా అంటే ఉంది. 1961 వరకట్న నిషేధ చట్టానికి 1986లో చేసిన సవరణ ప్రకారం కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం అయిదేళ్ళ జైలు. జరిమానా పదిహేను వేలు, లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే అది. అయితే అడక్కుండా ఇచ్చిన కానుకల్ని జాబితా రాసిపెట్టుకోవాలన్న షరతుతో ఆ చట్టమే వదిలేసింది. ఆ కానుకలు ఆచారం ప్రకారం ఉండాలనీ, ఇచ్చేవాళ్ళ తాహతు మించకూడదనీ కూడా అందులోనే ఉంది. జాబితా రాసిన పెళ్ళి మీరెక్కడైనా చూశారా? ఇంకో నిబంధన కూడా ఉంది. పెళ్ళికూతురి కోసం ఇచ్చిన కట్నం ఇంకెవరి చేతికి వచ్చినా మూడు నెలల్లోగా ఆమెకి అప్పగించాలి, అప్పటిదాకా ఆమె తరఫున దాచి ఉంచాలి. అంటే ఆ కారుని కట్నమంటే చట్టప్రకారం అది ఆమెది. కానుకంటే అతనిది. అందుకే మండపంలో అందరూ నోరారా దాన్ని కానుకంటారు!

ఇంకో మోసం ఇంతకన్నా లోతైనది. మన ప్రాంతంలో కూతురికి పసుపు కుంకుమ కింద పొలం రాసివ్వడం ఉండేది. దాని మీద పెత్తనం మొగుడిదే అయినా కాగితం మీద పేరు ఆమెది. కష్టకాలంలో ఆ కాగితమే ఆమెకి నిలబడే చోటు. 1985లో రాష్ట్రంలో వచ్చిన హిందూ వారసత్వ సవరణ పెళ్ళికాని కూతుళ్ళకి పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో దేశమంతా కూతుళ్ళకి ఆ హక్కు వచ్చింది. సరిగ్గా హక్కు వచ్చిన కాలంలోనే పొలం బదులు కారు ఇవ్వడం గొప్పయింది. అమ్మాయి వాటా అడిగితే ‘పెళ్ళికి కారిచ్చాం కదా!’ అంటారు. రిలీజు డీడు మీద సంతకం పెట్టించుకుంటారు. కాలవ కింద ఎకరం ఏడాదికేడాది విలువ పెరిగింది, 2014లో అమరావతి ప్రకటన తర్వాత మరీ పెరిగింది. కారేమో, మోటారు బీమా లెక్కల్లోనే అయిదో ఏటికి సగం విలువకి పడిపోతుంది. పెరిగేది కొడుక్కి, తరిగేది కూతురికి. ఆ తరిగేది కూడా ఆమె పేరున కాదు, అల్లుడి పేరున!

ఈ తక్కెడ ప్రాణాలు తీసే దాకా వెళుతుంది. కేరళలోని కొల్లం జిల్లాలో 2021 జూన్‌లో ఒక ఆయుర్వేద వైద్య విద్యార్థిని అత్తవారింట్లో చనిపోయింది. నూరు సవర్ల బంగారం, ఎకరం పైగా భూమి, పది లక్షల పైచిలుకు కారు ఇచ్చి చేసిన పెళ్ళి అది. ఆ కారు తన స్థాయికి తగిందికాదని భర్త వేధించాడు. అతను స్వయంగా మోటారు వాహనాల శాఖలో సహాయ ఇన్‌స్పెక్టరు! 2022 మేలో కొల్లం కోర్టు అతనికి పదేళ్ళ శిక్ష వేసింది. అప్పీలు హైకోర్టులో ఉండగా 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది. కారుని బట్టే మనిషి విలువ అని నమ్మేవాళ్ళు ఆ పిల్లని మర్చిపోకూడదు. మొగుడికి నచ్చని కారు తెచ్చినందుకు ఆమె విలువ తగ్గిపోయింది.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. అప్పటినుంచీ వింటున్న మాటలు గమనించండి. ‘ఊరికే వచ్చేసరికి ఊళ్ళు తిరుగుతున్నారు’, ‘ఇళ్ళల్లో పనుల్లేవు’, ‘మన పన్నులతో షికార్లు’. ఆ బస్సుల్లో ఎవరున్నారు? ఉయ్యూరు నుంచి బెజవాడకి బట్టల షాపులో నిలబడి పనిచెయ్యడానికి వచ్చే అమ్మాయిలు, కాలేజీ పిల్లలు, ఆస్పత్రికి వెళ్ళే ముసలమ్మలు. ప్రభుత్వం టికెట్టు డబ్బులు మాఫీ చేస్తే ఆడది సోమరి. మామగారు పదిహేను లక్షల బండి ఊరికే ఇస్తే మగవాడు అదృష్టవంతుడు! ఊరికే వచ్చినదాంట్లో తిరగడం తప్పయితే ముందు ఎవరిని దించాలి?

మనమీద కూడా ఒక మాట ఉంది. ‘స్త్రీవాదమా? కార్లలో తిరిగే ఆడవాళ్ళ వ్యవహారం’ అని పాతికేళ్ళుగా సాహిత్యసభల్లో వెక్కిరిస్తున్నారు. అలా అన్న పెద్దమనుషులు ఆ సభకి ఏ వాహనంలో వచ్చారని ఎవరూ అడగరు. నాట్లకి ఆటోల్లో కిక్కిరిసి వెళ్ళే కూలి స్త్రీల పక్షాన మాట్లాడటానికి మనకి కారుండటం అడ్డమని నేననుకోను. కానీ ఆ కూలి స్త్రీకి లేనిదీ, మనలో కొందరికి ఉన్నదీ ఏమిటో, అది ఎవరి డబ్బుతో వచ్చిందో చెప్పకుండా దాటేస్తే ఆ వెక్కిరింతకి మనమే బలం ఇచ్చినట్టు. మన పిల్లల పెళ్ళిళ్ళలో రిబ్బన్ చుట్టిన కారు నిలబడితే మన వ్యాసాలకి విలువేముంది?

అందుకని నేననేది ఇది. కారుని చూసి మనిషిని అంచనా వెయ్యడం ఎలాగూ మానలేం గనుక, సరిగ్గా వేద్దాం. పెళ్ళిలో కారు కనబడితే ‘బాగుంది’ అని ఫొటో దిగే ముందు ‘అమ్మాయి పేరున రిజిస్టర్ చేశారా? అమ్మాయికి డ్రైవింగ్ వచ్చా? పొలంలో వాటా రాశారా?’ అని గట్టిగా అడుగుదాం. మొహమాటపడకుండా, నలుగురూ వినేట్టు అడుగుదాం. కొడుకుల తల్లులమైతే ఆ తాళంచెవి మనింటి గుమ్మం తొక్కనివ్వకుండా చూద్దాం. కూతుళ్ళ తల్లులమైతే ఆ డబ్బుతో కాలవ కింద అరెకరమైనా సరే, ఆమె పేరున కొని పాస్‌బుక్ ఆమె చేతిలోనే పెడదాం.