మనవాడే అన్నంత మాత్రాన పడవ తేలదు



పోయిన సమావేశంలో బోటు సంగతి సగంలోనే ఆగిపోయింది. అరుపులు ఎక్కువయ్యాయి, అంతలో భోజనాల వేళ అయింది. అందుకే మా మాట ఇక్కడ వ్రాసి పెడుతున్నాం. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక మా ఇంటావిడ దగ్గర దిద్దుకున్నాం. తప్పులుంటే సర్దుకుని చదవండి.

సంగతి తెలియని వాళ్ళ కోసం ముందు నుంచి చెబుతాం. మన కుర్రాళ్ళు కొందరు ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్క బ్యాక్‌వాటర్‌లో తిప్పుకోవడానికి పాత స్పీడ్ బోటు ఒకటి చూశారు. పదిహేడు అడుగుల ఫైబర్ బోటు, వెనకాల అరవై హార్స్ పవర్ ఔట్‌బోర్డ్ మోటారు. సంఘం సభ్యుల కుటుంబాలు ఆదివారాలు వెళ్ళి రావచ్చు, పిల్లలకు నీళ్ళ భయం పోతుంది అన్నారు. మంచి ఆలోచనే. సముద్రం ఒడ్డున మూడు తరాలుగా బతుకుతున్నాం, మన పిల్లల్లో ఈత వచ్చినవాళ్ళు ఎంతమంది?

అమ్మేవాడు మనవాడే. తెలుగు మాట్లాడతాడు, మన పెళ్ళిళ్ళకు వస్తాడు. "మనోడే కదా మామా, అనుమానమెందుకు?" అన్నారు కుర్రాళ్ళు. బోటును ఒక్కరూ సరిగ్గా చూడక ముందే యాభై వేలు అడ్వాన్సు వెళ్ళిపోయింది. ఆ చెక్కు మీద కోశాధికారిగా సంతకం పెట్టింది మేమే. తప్పు మొదట మా దగ్గరే ఉంది. అందుకే ఈ వ్యాసం.

తరువాత మేము నలుగురం చూడ్డానికి వెళ్ళాం. కొత్త రంగు నిగనిగలాడుతోంది. సీట్లకు కొత్త రెక్సిన్. తాళం తిప్పగానే మోటారు పట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మాలో ఒకాయన మోటారు మూత మీద చెయ్యి పెట్టి తీసేశాడు. వేడిగా ఉంది. మేము రాక ముందే ఒకసారి నడిపి ఉంచారన్నమాట. "మీరు కాచుకోకూడదని" అన్నాడు మనవాడు. మర్యాద అనుకున్నాం. దారిలో ఆలోచిస్తే మనసు ఒప్పుకోలేదు. చల్లగా ఉన్న మోటారు ఎలా పట్టుకుంటుందో అదే దాని ఆరోగ్యం. వేడి మోటారు ఎవరికైనా మంచిదానిలాగే కనిపిస్తుంది.

మరుసటి వారం పొద్దున్నే, ముందు చెప్పకుండా వెళ్ళాం. కాశిమేడులో చేపల బోట్ల మోటార్లు బాగుచేసే ఒక మెకానిక్కును కూలి ఇచ్చి తీసుకుపోయాం. ఆయన తమిళాయన. మనకు చుట్టం కాదు, అమ్మేవాడికీ కాదు. ఆయన చేసిన పనులు మనందరం తెలుసుకోవలసినవి.

ముందు రంగు వైపు చూడనే లేదు. స్క్రూడ్రైవర్ పిడితో బోటు అడుగంతా తట్టుకుంటూ పోయాడు. మాకు ఒళ్ళు ఝల్లుమంది. స్టేషన్లో బండి ఆగగానే క్యారేజీ వాళ్ళు సుత్తితో చక్రాలు తట్టి చెవి పెట్టి వినడం మేము సర్వీసంతా చూశాం. గట్టి చక్రం ఖంగుమంటుంది, చీలిక ఉన్నది మూగగా పలుకుతుంది. ఫైబర్ కూడా అంతే. బాగుంటే టక్‌టక్‌మంటుంది. లోపల పొరలు విడిపోయినా, నీళ్ళు పట్టినా బొద్‌బొద్‌మంటుంది.

మోటారు తగిలించే వెనక గోడ దగ్గర ఆ బొద్‌బొద్ వినిపించింది. ఆ గోడ లోపల చెక్క ఉంటుంది, పైన ఫైబర్ పొర. బోల్టుల రంధ్రాల గుండా నీళ్ళు చేరితే చెక్క లోలోపల కుళ్ళుతుంది, బయటికి కనిపించదు. మెకానిక్కు మోటారును కొంచెం పైకెత్తి ఊపాడు. గోడ కూడా దానితో పాటు కదిలింది. అరవై గుర్రాల మోటారు మొత్తం ఆ గోడను పట్టుకునే వేలాడుతుంది. మన పిల్లలు దాని ముందు కూర్చుంటారు.

తరువాత మోటారు కింది భాగంలో గేరు ఆయిలు స్క్రూ విప్పాడు. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో వచ్చింది. సీలు పోయి నీళ్ళు లోపలికి వెళ్ళాయని అర్థం. సిలిండర్ల కంప్రెషన్ కొలిచాడు. ఒకదానికొకటి నూటికి పది కంటే ఎక్కువ తేడా ఉండకూడదట. ఇందులో ఒకటి బాగా తక్కువ చూపించింది. చల్లటి మోటారు ఏడోసారికి గానీ పట్టుకోలేదు. పట్టుకున్నాక పక్కనుంచి చల్లదనం నీళ్ళు సన్నని ధారగా గట్టిగా చిమ్మాలి. చుక్కలుగా కారాయి. పెట్రోలు గొట్టం ఎండిపోయి పగుళ్ళు తేలింది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది నీటిని పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలవ ఉంచిన బోట్లకు మంచిది కాదు అని చెప్పాడు.

నీళ్ళలోకి దించి చూడవలసిన పని మిగిలే ఉంది. మామూలుగా ఎంతమంది ఎక్కుతారో అంతమందిని ఎక్కించి, ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, మోటారు పుస్తకంలో చెప్పిన చుట్లకు చేరుతుందా చూడాలి. ఇటూ అటూ గట్టిగా తిప్పాలి, రివర్సు వెయ్యాలి. ఒడ్డుకు వచ్చాక అడుగు పలక ఎత్తి లోపల ఎన్ని నీళ్ళు చేరాయో చూడాలి. అంతదాకా వెళ్ళనే లేదు, వెనక్కి వచ్చేశాం.

అడ్వాన్సులో సగమే తిరిగి వచ్చింది, అదీ మూడుసార్లు తిరిగితే. మిగతా ఇరవై అయిదు వేలు మేము చేతినుంచి కట్టేశాం. అది పదో తరగతి పిల్లలకు ఫీజుల కోసం దాచిన డబ్బు.

ఇప్పుడు కొందరు మా మీద కోపంగా ఉన్నారు. "మనవాడిని అవమానించారు, తమిళాయన్ని తెచ్చి పరీక్ష చేయించారు" అంటున్నారు. మా జవాబు ఇది. రైల్వేలో బండి కదలాలంటే బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఉండాలి. బండిని చూసిన ఇంజనీరు, డ్రైవరు, గార్డు ముగ్గురూ సంతకం పెట్టాలి. ఆ ముగ్గురూ ఒకే క్వార్టర్సులో ఉంటారు, ఒకే క్యాంటీన్లో టీ తాగుతారు. "నువ్వు నా స్నేహితుడివి, సంతకమెందుకు" అని ఒక్కరూ అనలేదు. పరీక్ష మనిషిని నమ్మకపోవడం కాదు, ఎక్కేవాళ్ళ ప్రాణానికి ఇచ్చే మర్యాద. భాష ఒకటైతే మనసు కలుస్తుంది. కుళ్ళిన చెక్క మాత్రం గట్టిపడదు.

2023 మే 7న కేరళ తానూరులో బోటు మునిగి 22 మంది పోయారు. చేపల బోటును మార్చి యాత్రికుల బోటు చేశారు, మోయగలిగిన దానికంటే ఎక్కువమందిని ఎక్కించారు. 2011 క్రిస్మస్ నాడు మన పక్కనే పళవేర్కాడులో విహారానికి వెళ్ళిన పడవ మునిగి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కినవాళ్ళంతా నడిపేవాణ్ణి నమ్మే ఎక్కి ఉంటారు.

బోటు వద్దని మేము అనడం లేదు. వచ్చే సమావేశంలో తీర్మానం పెట్టండి అని అడుగుతున్నాం. పరీక్ష కాక ముందు పైసా అడ్వాన్సు ఇవ్వకూడదు. చల్లటి మోటారును ఒకసారి, నీళ్ళలో ఒకసారి చూడాలి. చూసే మెకానిక్కు ఇరువైపులా చుట్టం కాకూడదు, ఆయన కూలి సంఘమే ఇవ్వాలి. కాగితం మీద మెకానిక్కు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ సంతకం చెయ్యాలి. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో ఇన్లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. మోటారు బోటుకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, ఇన్సూరెన్సు చూడాలి. మోటారు మీద నంబరు, కాగితంలో నంబరు ఒకటేనా చూడాలి. చేపల బోటు లైసెన్సు చూపిస్తే సరిపోదు. ఎన్ని సీట్లో అన్ని లైఫ్ జాకెట్లు, పిల్లలకు పిల్లల సైజువి, బోటు ధరలోనే లెక్క కట్టాలి.

ఇదంతా అయ్యాక బోటు బాగుందని తేలితే మొదటి ఆదివారం మా మనవరాలిని మేమే ఎక్కిస్తాం. తేలకపోతే మనవాడికి నమస్కారం పెట్టి, ఆయన ఇంట్లో కాఫీ తాగి, డబ్బుతో ఇంటికి వద్దాం. చుట్టరికం అప్పుడే మిగులుతుంది.