వేడి చేసిందా, వైరసా?
హిందూపురం చింతపండు మార్కెట్టులోనో, ధర్మవరం మగ్గం గుంట దగ్గరో ఎవరి పెదవి అంచునైనా నీటిపొక్కుల గుత్తి కనిపిస్తే ‘ఒంట్లో వేడి చేసింది’ అని తేల్చేస్తారు. అది హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 50 ఏళ్లలోపు వాళ్లలో 64 శాతం మందిలో ఉన్నదే, సిగ్గుపడాల్సిన పనిలేదు. ఒకసారి చేరితే ముఖానికి స్పర్శ తెలిపే నాడి మొదట్లో దాక్కుని, జ్వరమో అలసటో పెనుకొండ ఎండో తగలగానే లేస్తుంది. (ఆ మేరకు వేడిని తిట్టడంలో కొంత న్యాయముంది!) పెదవి చురుక్కుమన్న మొదటిరోజే డాక్టరు సలహాతో ఎసైక్లోవిర్ మొదలుపెడితే కాస్త త్వరగా తగ్గుతుంది, లేకున్నా వారం పది రోజుల్లో ఎండిపోతుంది. అసలు గొడవ మెడికల్ షాపులో అడగ్గానే చేతిలో పెట్టే స్టెరాయిడ్ ట్యూబుతోనే. అది వైరస్‌కు మేత. పొక్కు మానేదాకా పసిబిడ్డను ముద్దాడకూడదు, గిల్లిన చేత్తో కన్ను నులుముకోకూడదు. నెలలోపు బిడ్డకు సోకితే ప్రాణం మీదికే రావచ్చు.