ఒకే ఆకు మీద బతుకు

"అక్కా, కోలా తినేది మన జామాయిల్ ఆకేనంట. మరి మన దగ్గర కోలాలు లేవేం?"

పోయిన వారం ఊరెళ్తే, ఎనిమిదో క్లాసు చదివే మా బాబాయి కూతురు అడిగింది. జగ్గయ్యపేట, నందిగామ మధ్య మా మెట్టలో జామాయిల్ తోటలకు కొదవ లేదు మరి. చెట్టునైతే తెచ్చుకున్నాం, జంతువు ఆస్ట్రేలియాలోనే ఉండిపోయింది అన్నాను.

దాని స్కూల్ ప్రాజెక్టు: ఒక సంచి జంతువును, ఒక సీతాకోకచిలుకను పోల్చాలి. ఇద్దరం కూర్చుని పట్టిక గీశాం.

కోలా ఎలుగుబంటి కాదు. పిల్లను పొట్ట సంచిలో పెంచే క్షీరదం, కంగారూకి చుట్టం. దాని కుటుంబంలో ఇప్పుడు మిగిలిన జాతి అదొక్కటే. రెండోది మా పొలాల్లో తిరిగే క్రిమ్సన్ రోజ్. నల్ల రెక్కలు, తెల్ల పట్టీలు, ఎర్రటి ఒళ్లు. 1758లో లిన్నేయస్ పేరు పెట్టిన కీటకం. రెండూ జంతువులే అన్న మొదటి గడి తప్ప వర్గీకరణలో ఇంకేదీ కలవలేదు.

కానీ రెండింటికీ ఒకే బలహీనత. మా సాఫ్ట్‌వేర్ భాషలో సింగిల్ డిపెండెన్సీ. కోలాకు యూకలిప్టస్ ఆకులే తిండి. అడవులు నరికి, కార్చిచ్చులు రేగి, 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్‌లలో అది 'అంతరించే ముప్పు' జాబితాకెక్కింది. క్రిమ్సన్ రోజ్ గొంగళికి ఈశ్వరి, గాడిదగడపాకు లాంటి ఒకే కుటుంబం మొక్కలు కావాలి. ఆ ఆకుల విషం ఒంట్లో దాచుకుంటుంది కాబట్టే పక్షులు ముట్టవు. ఇప్పటికైతే మన దగ్గర బాగానే కనిపిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం జాబితాలోనూ చోటు దక్కింది. ఆ ఆకుకి మాత్రం ఏ కాపలా లేదు.

సాయంత్రం ఆ మొక్క చూపిద్దామని పత్తి చేను గట్టుకు తీసుకెళ్లాను. గట్టంతా మాడిపోయి ఉంది.

"కలుపుమందు కొట్టించానమ్మా. కూలీలు ఎక్కడ దొరుకుతున్నారు?" అన్నారు నాన్న.

ఏమనను? నాకు ఒకటో తారీఖున జీతం పడుద్ది. ఆయన పత్తి రేటు మీద బతకాలి.

చివరికి బావి పక్కన, మందు పడని చోట నాలుగు మొక్కలు దొరికాయి. ఒక ఆకు కింద ఎర్ర బుడిపెల గొంగళి. నాన్న వంగి చూశారు.

"దీనికి ఇదొక్కటే తిండా?"

"అవును నాన్నా."

"సరేలే, ఇక్కడ కొట్టనివ్వను."

రాత్రి పట్టికలో ఒక్క గడి మిగిలింది: క్రిమ్సన్ రోజ్, ప్రస్తుత స్థితి. చెల్లి పెన్సిల్‌తో రాసింది: "మా బావి దగ్గర నాలుగు మొక్కలు ఉన్నాయి."